చెవిల ఇసుక

దేరాల చేపల మార్కెట్ ఎన్క
మూడు కుర్చీల సెలూన్ మాది.
మాది అంటె మొయిదీన్ సేటుది, కత్తెర నాది.
అద్దం పై మూలకు ఒక ఫోటో:
లంగోటా, తొడ మీద పడబోయే చెయ్యి,
చుట్టూ వందల తలకాయలు.
అల్లాబచాయా పహిల్వాన్, ముజఫర్‌గఢ్.
తొమ్మిదేండ్లు, శుక్రారం శుక్రారం,
గా ఎన్క మైదానంల దిగిండు.
ఒక్కనాడు వీపుకు ఇసుక అంటలె.

లంగోటా బందువెట్టి ఆరేండ్లాయె.
ఇప్పుడు మార్కెట్ల హమూర్ చేపలు కోస్తడు.
నెలకోసారి నా కుర్చీల కూసుంటడు.
ఆయన చెవులు చెవులోలె ఉండయి,
నూనెల ఏసిన అప్పడమోలె ముడుసుకపోయినయి,
కత్తెర పైలంగ తిప్పాలె.
కొత్త గిరాకులకు నేనే చెప్తుంటి
ముల్తాన్ ట్రక్కు డ్రైవర్‌ను గాలిల తిప్పిన కథ.
చెప్పినప్పుడల్ల ఆ డ్రైవర్
రెండు కిలోలు బరువెక్కుతుండె.

గా శుక్రారం నమాజయినంక వచ్చి
"నున్నగ గీకు ఉస్తాద్, ఇయ్యాల దిగుతున్న" అన్నడు.
బ్లేడు ఆగింది.
తన్వీర్ అని ఒక పోరడట, ఇరవై రెండేండ్లట,
సోనాపూర్ క్యాంపుల ఉంటడు, సలాకలు వంచే పని,
ఫోటో సూసి నవ్విండట.

"వద్దు భాయ్" అన్న.
"మా దిక్కు ఒక మాటుంది,
ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే."
నురగ మొఖంతోటే అడిగిండు:
"ముసలిదైతె ఎంత?"

సామెతల అది లేదు.

"పేరు ఖరాబైతది" అన్న.
"పేరు నీ దగ్గరుంది, అద్దం మీద.
మోకాలు నా దగ్గరుంది.
రాత్రి మూడింటికి అది నన్ను లేపుతది.
పేరు ఎన్నడు లేపలె."

ఐదింటికి షట్టర్ సగం దించి నేనూ పోయిన.
లుంగీలు, సల్వార్లు, నీలం డ్యూటీ బట్టలు
గుండ్రంగ కూసున్నయి.
పహిల్వాన్ తొడ గొట్టిండు.
ఆ సప్పుడు మాత్రం ఫోటోలదే.

ఎంతసేపు? చాయ్ చల్లారేంత గూడ లేదు.
పోరడు నడుం కిందికి దూరిండు,
ఈయన ఎడమ మోకాలు
ఎటు వంగాల్నో మర్సిపోయింది.
మొగులు సూసుకుంట పడ్డడు.
ఎవ్వలూ ఒర్రలె.
నేను మొఖం తిప్పుకున్న.
గెలిచినోడు గుండ్రంగ తిరిగి పైసలడుగుడు ఆడ రివాజు,
మొదటి పది దిర్హాంలు పహిల్వానే ఇచ్చిండట.
చెప్పిన్రు. నేను సూడలె.

కోపమొచ్చింది, దాసుడెందుకు.
నా అసోంటోనికి ఈడ ఏముంటది, గట్టిగ పట్టుకోనీకి?
బాకీ కాగితం, బత్తాక,
ఓడిపోనోడు ఒకడు నాకు తెలుసు అన్న మాట.
ఆ మాట గూడ తీస్కపోయిండు.
అల్లాబచాయా అంటె దేవుడు కాపాడినోడట.
నడుమ ఆ కొలువు నేనెప్పుడు ఎత్తుకున్ననో!

మగ్రిబ్ అయినంక వచ్చి కూసున్నడు.
పెదివె పగిలింది, నవ్వుతున్నడు.
"ఇసుక తియ్యి ఉస్తాద్, చెవిల పడ్డది."
దూదిపుల్లతోటి ఆ మడతలల్ల
మెల్లగ, మెల్లగ తీసిన.
"ఇంతమందిని దాని మీద పండవెట్టిన గని
వీపుకు ఎట్లుంటదో తెల్వదుండె" అన్నడు.
"ఎచ్చగుంటది."

నేను ఇప్పటికీ అంట, దిగకుంటె బాగుండు.
ఆయన ఇప్పటికీ నెలకోసారి వస్తడు, నేనన్నది ఇంటడు,
చేపల వాసన చేతులు ఒళ్ళె వెట్టుకొని నిద్రవోతడు.

సేటు ఫోటో తీసెయ్యమన్నడు. రేపు తీస్త అన్న.
మొన్నొక గిరాకి అడిగిండు, ఎవలీయన అని.
ముల్తాన్ డ్రైవర్ కథ మొదలువెట్టిన,
ఏడ ఆపాల్నో తెల్వక
ఒక చెంప రెండుసార్లు గీకిన.
డ్రైవర్ బరువు
ఈసారి ఉన్నంతనే చెప్పిన.